పాత విండోస్ 7 కంప్యూటర్‌లో తేదీ వెనక్కి పోతోంది, నెట్ మొరాయిస్తోంది, బ్యాకప్ సగంలో ఆగుతోంది: దేనితో మొదలుపెట్టాలి?

మీరు చెప్పినదాన్ని నాకు అర్థమైనట్టుగా ఒకసారి పేర్చుకుంటాను. పదేళ్లు దాటిన విండోస్ 7 డెస్క్‌టాప్. ఉదయం ఆన్ చేస్తే తేదీ 2009కి వెళ్లిపోతోంది. బ్రౌజర్ చాలా సైట్లను "సురక్షితం కాదు" అంటూ తెరవడం లేదు. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్ నుంచి దీని షేర్డ్ ఫోల్డర్ కనిపించడం లేదు. బయటి హార్డ్ డిస్కుకు బ్యాకప్ పెడితే సగంలో ఆగుతోంది. మధ్యమధ్య మెషిన్ అర నిమిషం పాటు బిగుసుకుపోయి మళ్లీ కదులుతోంది. అందులో పదేళ్ల ఫొటోలు, లెక్కలు ఉన్నాయి. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే అన్నీ ఒకేసారి బాగుపడతాయా అన్నది మీ ప్రశ్న.

బాగుపడవు. పైగా ఆ పని చేస్తే ఫొటోలు పోయే అవకాశం ఎక్కువ. మీరు చెప్పిన అయిదింటిలో నన్ను భయపెట్టింది నెట్ కాదు, తేదీ కూడా కాదు. ఆ అర నిమిషం బిగుసుకుపోవడం. హార్డ్ డిస్కు ఒక చోట చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తున్నప్పుడు విండోస్ సరిగ్గా అలాగే నిలిచిపోతుంది. మౌస్ కదులుతుంది, ఏది నొక్కినా స్పందన ఉండదు, క్యాబినెట్ మీది ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. కాబట్టి మిగతావన్నీ పక్కన పెట్టి ముందు డిస్కు సంగతి తేల్చుకోండి. అప్పటిదాకా కొత్త ప్రోగ్రాములు ఎక్కించవద్దు, డీఫ్రాగ్ చేయవద్దు, ముఖ్యంగా డిస్కు తప్పులు సరిచేయడానికి విండోస్‌లో ఉండే చెక్ డిస్క్ నడపవద్దు.

చెక్ డిస్క్ వద్దనడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల క్రితం ఒకరి లెక్కల కంప్యూటర్ ఇలాగే ఆగి ఆగి నడుస్తుంటే, నేను పెద్ద తెలివైనవాడిలా స్లాష్ ఆర్ పెట్టి చెక్ డిస్క్ మొదలుపెట్టి ఇంటికి వెళ్లిపోయాను. ఆ ఐచ్ఛికం డిస్కులోని ప్రతి సెక్టారునూ, అంటే డేటా ఉండే ప్రతి చిన్న గడినీ, చదువుతుంది. కొన ఊపిరితో ఉన్నవాణ్ని మెట్లెక్కించినట్టు. మర్నాడు వెళ్లి చూస్తే బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం) ఆ డిస్కును గుర్తించడమే మానేసింది. ముందు రోజు సాయంత్రం ఫోల్డర్లన్నీ తెరుచుకున్నాయి కదా, అప్పుడే కాపీ చేసి ఉంటే అరగంట పని. చెక్ డిస్క్ ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) లెక్కలను సరిచేస్తుందే తప్ప అరిగిపోయిన డిస్కుకు వైద్యం చేయదు. తనకు పొంతన కుదరని ముక్కలను తీసి, పేర్లు లేకుండా వేరే ఫోల్డర్‌లో పడేస్తుంది కూడా. ఆరోగ్యంగా ఉన్న డిస్కు మీద దాన్ని నడపడంలో తప్పు లేదు.

డిస్కు ఆరోగ్యం చూడటానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం చాలు. ఇన్‌స్టాల్ అవసరం లేని రూపంలోనూ దొరుకుతుంది. దాన్ని వేరే కంప్యూటర్‌లో దించుకుని పెన్ డ్రైవ్ మీద తీసుకెళ్లి అక్కడి నుంచే నడపండి. పైన పెద్దగా కనిపించే "గుడ్" అనే నీలం డబ్బాను నమ్మవద్దు. కింది పట్టికలో నాలుగు వరుసలు చూడండి: 05, సీ5, సీ6, సీ7. చివరి నిలువు వరుసలో ఉండే రా విలువలు (డిస్కు లెక్కించిన అసలు అంకెలు) ముఖ్యం. అవి మామూలుగా హెక్సాడెసిమల్‌లో కనిపిస్తాయి, అంటే అక్కడ 10 అని ఉంటే మన లెక్కలో 16. మెనూలో దశాంశానికి మార్చుకోవచ్చు.

05 అంటే పాడైన సెక్టార్ల బదులు డిస్కు తన దగ్గరున్న అదనపు సెక్టార్లను ఎన్నిచోట్ల వాడుకుందో ఆ లెక్క. ఏళ్ల తరబడి అది 8 దగ్గరే నిలబడి ఉంటే నేను పెద్దగా పట్టించుకోను. నిన్న 8, నేడు 40 అయితే దానికి రోజులు దగ్గర పడ్డాయి. సీ5 ఇంకా ముఖ్యం. చదవలేకపోయిన, ఏం చేయాలో ఇంకా తేలని సెక్టార్లు అవి. మీ ఫొటోలలో ఏదో ఒకటి అక్కడే ఉండవచ్చు. సీ6లో కూడా సున్నా కాని అంకె ఉంటే పరిస్థితి తీవ్రంగా ఉన్నట్టే.

సీ7 కథ వేరు. డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో డేటా చెడిపోయిన సందర్భాలను అది లెక్కిస్తుంది. చాలాసార్లు తప్పు ఆ రెండింటినీ కలిపే సాటా కేబుల్‌ది, డిస్కుది కాదు. ఒక్క కేబుల్ మార్చితే పోయేదానికి డిస్కునే పారేసినవాళ్లను చూశాను. ఈ అంకె ఎప్పటికీ తగ్గదు కాబట్టి పాత అంకె చూసి బెదిరిపోవద్దు. ఇవాళ్టి అంకె ఒక కాగితం మీద రాసుకోండి, కేబుల్ మార్చండి, రెండు రోజుల తర్వాత చూడండి. పెరగకపోతే అక్కడితో ఆ గొడవ ముగిసింది. ఎక్స్‌పీ మెషిన్ల వాళ్లకు ఒక మాట: అక్కడ ఇలాంటి తప్పులు ఆరు పోగుపడితే విండోస్ ఆ ఐడీఈ చానల్‌ను (పాతకాలపు డిస్కు దారి) డీఎంఏ అనే వేగమైన పద్ధతి నుంచి పీఐఓ అనే నత్తనడక పద్ధతికి దించేస్తుంది. డిస్కు బాగానే ఉన్నా కంప్యూటర్ ఒక్కసారిగా ముసలిదైపోయినట్టు అనిపిస్తుంది. డివైస్ మేనేజర్‌లో ఆ చానల్‌ను తొలగించి రీస్టార్ట్ చేస్తే మళ్లీ డీఎంఏకి వస్తుంది. కేబుల్ మార్చకపోతే కొన్నాళ్లకు మళ్లీ జారుతుంది.

ఇంకో సాక్షి ఈవెంట్ వ్యూయర్, జరిగిన తప్పులను విండోస్ రాసుకునే చిట్టా. సిస్టమ్ లాగ్‌లో "డిస్క్" పేరుతో 7వ నంబరు సంఘటన ఉంటే అది చెడ్డ బ్లాకు, 11 ఉంటే కంట్రోలర్ తప్పు, అంటే మళ్లీ కేబులో పోర్టో. ఆ సందేశంలో హార్డ్‌డిస్క్0 అనో హార్డ్‌డిస్క్1 అనో ఉంటుంది. సాధారణంగా 0 లోపలిది, తర్వాతి అంకె బయట తగిలించినది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అదే అంకెతో సరిచూసుకోండి. ఈ ఒక్క అంకె చూడక, లోపలి డిస్కు తప్పును బ్యాకప్ డిస్కు మీద రుద్దేవాళ్లు చాలామంది.

సీ5 సున్నా కాకపోతే ఆ డిస్కు నుంచి విండోస్ నడపడం ఆపండి. విండోస్ నడుస్తున్నంతసేపూ అది ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. విండోస్ బదులు లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో డిస్కు మొత్తాన్ని, అంతే లేదా అంతకంటే పెద్దదైన మరో డిస్కు మీదికి ప్రతి తీయండి. దాని గొప్పతనమేమిటంటే సులువుగా వచ్చే భాగాలన్నీ ముందు తీసుకుంటుంది, మొండి భాగాలను చివరికి వదిలి వాటితో ఆఖరున పోరాడుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. మూలమేది, గమ్యమేది అన్నది మాత్రం మూడుసార్లు చూసుకోండి. అటూ ఇటూ అయితే ఖాళీ డిస్కు వచ్చి మీ ఫొటోల మీద కూర్చుంటుంది.

డిస్కు నుంచి టిక్, టిక్ అని ఒకే లయలో చప్పుడు వస్తుంటే ఇవేవీ చేయవద్దు. ప్లగ్ తీసేసి డేటా రికవరీ ప్రయోగశాల వాళ్లకు ఇవ్వడం ఒక్కటే మార్గం. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పని చేస్తుందన్న చిట్కా ఇప్పటికీ తిరుగుతోంది. లోపల తేమ పట్టి, ఉన్న ఆశ కూడా పోతుంది.

అంకెలన్నీ బాగున్నాయనుకుందాం. అప్పుడు ర్యామ్, అంటే కంప్యూటర్ పని చేస్తున్నప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ. ఈ మెట్టును చాలామంది దాటవేస్తారు. చెడ్డ ర్యామ్ కంప్యూటర్‌ను ఆపేస్తే మేలే, తెలిసిపోతుంది. ఆపకుండా కాపీ అవుతున్న ఫైలులో ఒక బిట్‌ను మార్చేస్తేనే చిక్కు. బ్యాకప్ పూర్తయిందని సందేశం వస్తుంది, ఆరు నెలల తర్వాత తెరిచిన ఫొటోలో సగం బూడిదరంగు పట్టీ కనిపిస్తుంది. విండోస్ 7లో మెమరీ డయాగ్నస్టిక్ ఉంది. మెమ్‌టెస్ట్86+ ఇంకా నిక్కచ్చిగా చూస్తుంది, రాత్రంతా నడవనివ్వండి. ఒక్క ఎర్ర వరుస వచ్చినా తప్పే. రెండు ర్యామ్ ముక్కలుంటే ఒక్కొక్కటే పెట్టి చూస్తే ఏది దోషో తెలుస్తుంది. చాలాసార్లు తీసి, అంచులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మళ్లీ గట్టిగా కూర్చోబెడితే సర్దుకుంటుంది. ముట్టుకునే ముందు ప్లగ్ తీసి, క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకండి.

ఇప్పుడు బ్యాకప్. విండోస్ 7లోని బ్యాకప్ ప్రోగ్రాంతో తర్వాత కుస్తీ పడదాం. ముందు మీ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు కాపీ తీయండి. దానికి రోబోకాపీ అనే కమాండ్ చాలు, విస్టా నుంచి ప్రతి విండోస్‌లోనూ ఉంది. (కమాండ్లను ఇక్కడ తెలుగులో పలికినట్టు రాస్తున్నాను, కమాండ్ ప్రాంప్ట్‌లో టైపు చేయాల్సింది ఇంగ్లీషు అక్షరాల్లోనే.) రోబోకాపీ తర్వాత ఎక్కడి నుంచి, ఎక్కడికి అన్న రెండు దారులు, వాటి తర్వాత స్లాష్ ఈ, స్లాష్ ఎక్స్‌జే, స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1, చివర స్లాష్ లాగ్ కోలన్ పెట్టి లాగ్ ఫైలు పేరు. ఫోల్డర్ పేర్లలో ఖాళీలుంటే కొటేషన్ గుర్తులు మరవద్దు.

ఇందులో ఆర్, డబ్ల్యూ ఎందుకో చెప్పాలి. అవి ఇవ్వకపోతే, కాపీ కాని ఒక్క ఫైలు కోసం రోబోకాపీ 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ఒక్కో ప్రయత్నానికీ నడుమ 30 సెకన్లు ఆగుతుంది. లెక్క వేసి చూడండి, దాదాపు 347 రోజులు. ఎవరో పెట్టిన "ఆగిపోయిన బ్యాకప్" చూడటానికి వెళ్తే అది ఆగిపోలేదు, ఓపిగ్గా ఎదురుచూస్తోంది. ఎక్స్‌జే మరో గుంతను తప్పిస్తుంది. విండోస్ 7 యూజర్ ఫోల్డర్‌లో పాత ప్రోగ్రాముల కోసం పెట్టిన జంక్షన్లు ఉంటాయి. చూడటానికి ఫోల్డర్లే, నిజానికి వేరే చోటికి దారులు. వాటిలో ఒకటి తిరిగి తన దగ్గరికే తెస్తుంది. ఎక్స్‌జే లేకపోతే కాపీ అదే ఫోల్డర్‌లోకి మళ్లీ మళ్లీ దిగుతూ బయటి డిస్కు నిండేదాకా తిరుగుతుంది. స్లాష్ ఎంఐఆర్ అనే ఐచ్ఛికం చూసి ముచ్చటపడవద్దు. మూలంలో లేని ప్రతిదాన్నీ గమ్యంలో చెరిపేయడం దాని పని. డ్రైవ్ అక్షరం ఒకటి తప్పు పడితే ఎంత ముప్పో మీరే ఊహించండి.

ఏయే ఫోల్డర్లు? డాక్యుమెంట్లు, ఫొటోలు, డెస్క్‌టాప్ ఎలాగూ గుర్తుంటాయి. మరిచేవి వేరే: దాచిన యాప్‌డేటాలో ఉండే ఔట్‌లుక్ మెయిల్ ఫైళ్లు, బ్రౌజర్ బుక్‌మార్కులు, లెక్కల ప్రోగ్రాం డేటా. పాత లెక్కల ప్రోగ్రాములు డేటాను నేరుగా సీ డ్రైవ్‌లోనో, ప్రోగ్రాం ఫైల్స్‌లోనో పెట్టుకునేవి. ఆ ప్రోగ్రాం తెరిచి, డేటా దారి ఎక్కడ చూపిస్తుందో చూసి రాసుకోండి, తర్వాత దాన్ని మూసేసి కాపీ చేయండి. తెరిచి ఉన్న ఫైలు కాపీ కాదు. యూనికోడ్‌కు ముందు కాలం తెలుగు ఫాంట్లతో టైపు చేసిన పత్రాలుంటే ఆ ఫాంట్ ఫైళ్లను కూడా తీసుకోండి, అవి లేకుండా ఆ పత్రాలు ఒట్టి పిచ్చిగీతలు.

కాపీ మీ ముందే తెగిపోతుంటే మూడు చోట్ల చూడండి. మొదటిది యూఎస్‌బీ పోర్టు. క్యాబినెట్ ముందున్న పోర్టులు లోపల ఒక సన్నని తీగతో మదర్‌బోర్డుకు కలుస్తాయి. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలి. జేబులో పట్టే డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో అంతకు మించి అడుగుతుంది. ఆ సన్నని తీగ చివర అది అందదు, డిస్కు ఒక్క క్షణం మాయమై మళ్లీ వస్తుంది. విండోస్ "టుడుం" అని రెండుసార్లు మోగుతుంది. వెనకవైపు పోర్టులో, పొట్టి కేబుల్‌తో పెట్టండి. నేను చూసిన "బ్యాకప్ సగంలో ఆగుతోంది" కేసులలో చాలా వాటికి మందు ఇదే.

రెండోది ఫైల్ సిస్టమ్. బయటి డిస్కు ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైలును కూడా అది తీసుకోదు. డిస్కులో 300 జీబీ ఖాళీ ఉందని చూపిస్తూనే చోటు లేదంటుంది. అది ఖాళీ డిస్కయితే ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేయండి.

మూడోది విండోస్ 7 సొంత బ్యాకప్‌కు సంబంధించినది, సిస్టమ్ ఇమేజ్ (విండోస్‌తో సహా మొత్తం ప్రతి) తీసేవాళ్లకే కావాలి. 0ఎక్స్8078002ఏ అనే తప్పు వస్తే మీ బయటి డిస్కు 4,096 బైట్ల సెక్టార్లు చూపిస్తోందని అర్థం. 2 టీబీ దాటిన కొన్ని యూఎస్‌బీ డిస్కులు ఎక్స్‌పీతోనూ పని చేయాలని అలా తయారయ్యాయి. విండోస్ 7 ఇమేజ్ బ్యాకప్‌కు 512 బైట్ల లెక్కే కావాలి. తిప్పలు పడవద్దు, చిన్న డిస్కు వాడండి. 0ఎక్స్80780119 వస్తే అది చోటు తక్కువన్న తప్పు, కానీ చాలాసార్లు అది చెప్పే చోటు మీ పెద్ద డిస్కుది కాదు. విండోస్ 7 ఇన్‌స్టాల్ అయినప్పుడు సిస్టమ్ రిజర్వ్‌డ్ అని 100 ఎంబీల చిన్న భాగం తయారవుతుంది. షాడో కాపీకి (బ్యాకప్ కోసం విండోస్ తీసుకునే తాత్కాలిక ప్రతికి) అందులో కనీసం 50 ఎంబీ ఖాళీ ఉండాలి. ఏదో ఒక ప్రోగ్రాం అందులో ఫైళ్లు పెట్టి నింపేస్తే బ్యాకప్ మొరాయిస్తుంది.

ఓపిక లెక్క కూడా చెబుతాను, లేకపోతే నడుస్తున్నదాన్ని ఆగిందనుకుని తీసేస్తారు. యూఎస్‌బీ 2.0 కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లు, చేతికి వచ్చేది దాదాపు 30 మెగాబైట్లు. 500 జీబీకి నాలుగున్నర గంటలు దాటుతుంది, చిన్న ఫొటోలు లక్షల్లో ఉంటే ఇంకా ఎక్కువ. 100 మెగాబిట్ల లాన్ (ఇంటి నెట్‌వర్క్ కేబుల్) మీద అయితే సెకనుకు 11 మెగాబైట్లు, అంటే పన్నెండు గంటలకు పైనే.

అయ్యాక లాగ్ ఫైలు చివర "ఫెయిల్డ్" కింద ఎన్ని ఉన్నాయో చూడండి. బయటి డిస్కును మరో కంప్యూటర్‌కు తగిలించి అక్కడక్కడా ఇరవై ఫైళ్లు తెరవండి. లెక్కల డేటా లాంటి ఒకటి రెండు ముఖ్యమైన వాటికి రెండు వైపులా, ఫైలుకు వేలిముద్ర లాంటి అంకెను లెక్కించే సర్ట్‌యుటిల్ హైఫన్ హ్యాష్‌ఫైల్ కమాండ్ నడిపి, వచ్చిన పొడవాటి అంకెలు ఒకటేనా అని పోల్చండి. తర్వాత ఆ డిస్కు కేబుల్ పీకి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించి ఉంచే బ్యాకప్‌ను రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) కూడా మిగతా ఫైళ్లతో పాటే తాళం వేస్తుంది.

డేటా చేతికొచ్చింది. ఇక తేదీ, నెట్. ఇవి మీరు రెండుగా చెప్పినా చాలామటుకు ఒకటే.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బటన్ సెల్ ఉంటుంది, సీఆర్2032, 3 వోల్టులు. కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు గడియారాన్ని నడిపేది అదే. ప్లగ్ పెట్టి ఉంటే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) నుంచి వచ్చే కొద్దిపాటి విద్యుత్తుతో గడియారం నడుస్తుంది కాబట్టి సెల్ చచ్చినా తెలియదు. మీరు రాత్రి గోడ స్విచ్ ఆపేస్తారా? అయితే ఉదయం 2009 రావడానికి అదే కారణం, బయోస్ తన పుట్టిన తేదీకి వెళ్లిపోతోంది.

భద్రత గల సైట్లకు ప్రమాణపత్రాలు ఉంటాయి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతాయని రాసి ఉంటుంది. మీ కంప్యూటర్ 2009లో కూర్చుని చూస్తుంటే అవన్నీ ఇంకా పుట్టని పత్రాలు. బ్రౌజర్ ఒప్పుకోదు. బ్యాకప్ షెడ్యూలుకు కూడా ఇదే గతి, దాని లెక్కలో ఆ ఆదివారం ఇంకా రాలేదు. కొత్తవి మాత్రమే కాపీ చేయమని పెట్టుకున్న ప్రోగ్రాం, నిన్న మార్చిన ఫైలు తేదీ 2009 అని చూసి పాతదనుకుని వదిలేస్తుంది. ఇది మీకు జరిగి ఉండవచ్చు, అందుకే పాత బ్యాకప్‌లను నమ్మకుండా కొత్తగా పూర్తి కాపీ తీయమన్నాను.

నెట్ ఉందిగా, విండోస్ తనంతట తాను సమయం సరిచేసుకోదా అని అడుగుతారు. ఇలా విడిగా ఉండే కంప్యూటర్‌లో తేడా 15 గంటలు దాటితే విండోస్ టైమ్ సర్వీసు సరిచేయడానికి ఒప్పుకోదు, అదే దాని అప్రమేయ హద్దు. మీది ఏళ్ల తేడా. ముందు మీరు చేత్తో ఇవాళ్టి తేదీ పెట్టాలి.

సెల్ మార్చే ముందు ఒక పని తప్పనిసరి. బయోస్‌లోకి వెళ్లి ప్రతి పేజీనీ ఫోనుతో ఫొటో తీయండి, ముఖ్యంగా సాటా మోడ్ (డిస్కుతో మాట్లాడే పద్ధతి, ఏహెచ్‌సీఐనో ఐడీఈనో) ఉన్న పేజీ. సెల్ తీస్తే సెట్టింగులు కూడా చెరిగిపోతాయి. విండోస్ ఏహెచ్‌సీఐలో ఇన్‌స్టాల్ అయి ఉండి, బయోస్ ఐడీఈకి మారిపోతే బూట్ అవుతూనే నీలం తెర, 0ఎక్స్0000007బీ. విండోస్ పాడైపోయిందనుకుని ఇక్కడే ఫార్మాట్ చేసేవాళ్లు ఉన్నారు. ఫొటోలో ఉన్నట్టు మార్చితే రెండు నిమిషాల్లో మామూలవుతుంది. ప్లగ్ తీసి, క్లిప్పును గోటితో పక్కకు నొక్కితే సెల్ పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. క్యాబినెట్ తెరిచారు కనుక మదర్‌బోర్డు మీది కెపాసిటర్ల (చిన్న డబ్బాల్లాంటి భాగాలు) నెత్తులు ఉబ్బాయేమో కూడా చూడండి. ఉబ్బితే ఆ బోర్డుకు ఇంకేమీ ఖర్చు పెట్టవద్దు. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పవద్దు, ప్లగ్ తీసినా లోపల చాలాసేపు ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉంటుంది.

తేదీ సరిపోయాక కూడా కొన్ని సైట్లు తెరవకపోతే బ్రౌజర్‌ను అనుమానించండి. క్రోమ్ విండోస్ 7కు 109వ వెర్షన్‌తో ఆగిపోయింది. ఫైర్‌ఫాక్స్‌లో 115 ఈఎస్‌ఆర్ (ఎక్కువ కాలం నవీకరణలు అందే రకం) చివరిది. ఫైర్‌ఫాక్స్ తన మూల ప్రమాణపత్రాలను (సైట్ల పత్రాలను నమ్మడానికి ఆధారమైనవి) తానే మోసుకొస్తుంది. అందులో తెరుచుకుని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరవకపోతే, విండోస్ దగ్గరున్న పత్రాల జాబితా పాతదైందని తేలుతుంది. చాలా సైట్లు ఆధారపడిన ఒక పాత మూల పత్రం గడువు 2021 సెప్టెంబరు 30న తీరిపోయింది, ఆ రోజు నుంచి ఎన్నో పాత మెషిన్లకు ఈ జబ్బు పట్టింది.

ఏ సైటూ రాకపోతేనే నెట్‌వర్క్ పరీక్ష. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొట్టి ఐపీవీ4 చిరునామా చూడండి. అది 169.254తో మొదలైతే రౌటర్ నుంచి చిరునామా రాలేదు, విండోస్ తనకు తానే ఒకటి పెట్టుకుంది. అప్పుడు డీఎన్‌ఎస్‌తో (సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే సేవ), బ్రౌజర్‌తో ఎంత కుస్తీ పట్టినా దండగ. కేబుల్, పోర్టు, వైఫై పాస్‌వర్డు చూడండి. చిరునామా బాగుంటే ముందు డీఫాల్ట్ గేట్‌వేను (అంటే మీ రౌటర్‌ను), తర్వాత 8.8.8.8ను (గూగుల్ సర్వర్), చివరగా ఏదైనా సైటు పేరును పింగ్ చేయండి, అంటే పలకరించి జవాబు వస్తుందేమో చూడండి. ఎక్కడ తెగితే తప్పు అక్కడ. అంకెలకు జవాబు వచ్చి పేరుకు రాకపోతే డీఎన్‌ఎస్. గడియారం పక్కన కనిపించే పసుపు త్రిభుజాన్ని చూసి నిర్ణయించవద్దు. విండోస్ ఒక చిన్న టెక్స్ట్ ఫైలును మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి తెచ్చుకోలేకపోతే ఆ త్రిభుజం వేస్తుంది, అంతే.

వైఫై పేరే కనిపించకపోతే పాత అడాప్టర్ 2.4 గిగాహెర్ట్జ్‌దే అయి ఉంటుంది, 5 గిగాహెర్ట్జ్ దానికి కనపడదు. రౌటర్‌ను డబ్ల్యూపీఏ3 (వైఫై కొత్త భద్రతా పద్ధతి) మాత్రమే అని పెట్టినా పాత కార్డులు కలవలేవు, డబ్ల్యూపీఏ2ను కూడా అనుమతించండి. లాన్‌లో పింగ్ చక్కగా ఉండి ఫైళ్ల కాపీ మాత్రం పాకుతుంటే, నెట్‌వర్క్ కార్డు సెట్టింగుల్లో ఎవరైనా "100 ఫుల్ డూప్లెక్స్" అని బిగించి పెట్టారేమో చూసి ఆటోకు మార్చండి. ఒకవైపు బిగించి మరోవైపు ఆటోలో ఉంటే, ఆటోలో ఉన్నది హాఫ్ డూప్లెక్స్‌కు (ఒకరి తర్వాత ఒకరు మాట్లాడే పద్ధతికి) పడిపోతుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఎవరి మాటా ఎవరికీ వినపడని పరిస్థితి.

మిగిలింది షేర్డ్ ఫోల్డర్. హోమ్‌గ్రూప్ (ఇంటి కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంచుకునే పాత సౌకర్యం) పెట్టుకుని ఉంటే దాన్ని మరచిపోండి, విండోస్ 10 1803 వెర్షన్ నుంచి తీసేశారు. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పాత కంప్యూటర్ బొమ్మ కనిపించడం వేరు, అది తెరుచుకోవడం వేరు. బొమ్మ కోసం చూడకుండా ల్యాప్‌టాప్‌లో రెండు వెనకవాలు గీతలు (బ్యాక్‌స్లాష్‌లు) పెట్టి పాత కంప్యూటర్ ఐపీ చిరునామా కొట్టండి. పాస్‌వర్డు అడిగితే సగం పని అయినట్టే. పాత కంప్యూటర్‌లో పాస్‌వర్డు ఉన్న ఖాతా ఒకటి తప్పనిసరిగా ఉండాలి. ఖాళీ పాస్‌వర్డు ఖాతాలను విండోస్ నెట్‌వర్క్ మీదుగా రానివ్వదు, కొత్త విండోస్ 11 పాస్‌వర్డు లేని అతిథి ప్రవేశాన్నీ ఆపేస్తుంది. ఆ ఖాతాకు ఫోల్డర్ షేరింగ్‌లోనూ, సెక్యూరిటీ ట్యాబులోనూ అనుమతి ఇవ్వండి. పాత కంప్యూటర్ నెట్‌వర్క్ "పబ్లిక్" అని ఉంటే "హోమ్" చేయండి.

ఎస్‌ఎంబీ1 (విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే భాషలో పాత రూపం) ఆన్ చేస్తే చాలన్న సలహా మీకు ఈపాటికి తగిలే ఉంటుంది. మీకు అది అక్కర్లేదు. విండోస్ 7కు ఎస్‌ఎంబీ 2.1 వచ్చు, విండోస్ 11 దానితో మాట్లాడగలదు. ఎస్‌ఎంబీ1 తప్ప వేరే భాష రానివి ఎక్స్‌పీ కాలపు పాత విండోస్‌లు. 2017 మేలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది ఆ ఎస్‌ఎంబీ1 లోపం మీదుగానే. ఎక్స్‌పీ నుంచి ఫైళ్లు తేవాలంటే కూడా నేను బయటి డిస్కునే మోస్తాను.

కాపీ పూర్తయి, సెల్ మార్చాక ఒక రాత్రి గోడ స్విచ్ ఆపి ఉంచండి. ఉదయం తేదీ ఏమి చూపించిందో, 05, సీ5, సీ6, సీ7 రా విలువలు ఎంతో, ఐపీవీ4 చిరునామా ఏ అంకెలతో మొదలైందో నాకు రాయండి. సీ5లో సున్నా కాకుండా వేరే ఏ అంకె కనిపించినా మాత్రం ఉదయం దాకా ఆగకండి, అప్పటికప్పుడు కంప్యూటర్ ఆపేసి రాయండి.